ఫొటోని ముందు తిప్పి చూడు

అమ్మాయీ,

మీ ముత్తాతగారి కుటుంబం ఫొటో, దాని మీద నువ్వు రాసిన నాలుగు పేజీలు చేరాయి. రాత బాగుంది. కానీ ఫొటోలో ఉన్నదానికన్నా నీ ఊహే ఎక్కువైంది. మఖ్మల్ కుర్చీ, పాలరాతి స్తంభం, చేతిలో పుస్తకం చూసి 'కలిగిన కుటుంబం' అనేశావు. ఆ కుర్చీ స్టూడియోది. స్తంభం వెనక తెర మీద వేసిన బొమ్మ. పుస్తకం కూడా చాలాసార్లు ఫొటోగ్రాఫర్ చేతికిచ్చేదే. నగలైనా సొంతమో, ఎరువు సొమ్ములో చెప్పలేం.

వెనక పెన్సిల్‌తో 'యువ నామ సం. మాఘ శుద్ధం' అని ఉందని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు పని అక్కడుంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. యువ 1875లో వచ్చింది, మళ్లీ 1935లో వచ్చింది. ఏదో తెలియాలంటే ఫొటోని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకో. అంచుల్లో, నల్లటి చోట్ల నీలం కలిసిన వెండి మెరుపు కనిపిస్తే అది జెలటిన్ కాగితం. 1875లో స్టూడియోలు వాడింది అది కాదు. అప్పట్లో గుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం మీద ముద్రించి అట్టకు అంటించేవాళ్లు. మెరుపు ఉంటే మనకు మిగిలేది 1935 ఉగాదితో మొదలైన యువ. అందులో మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో 1936 అయిపోతుంది. మీ చిన్నమ్మమ్మ 1935 వేసవిలో పుట్టారన్నావు కదా. పంచాంగం చూడకుండా 1935 మాఘం అని రాస్తే ఆవిడ అప్పటికి పుట్టనే లేదు. 1936 అయితే ఒడిలో పాప ఆవిడే కావచ్చు!

అట్ట మీద సికింద్రాబాద్ అని ఉంది కాబట్టి రాజా దీన్‌దయాళే తీశారని మీ మామయ్య అంటున్నారట. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. ఘోషా స్త్రీల కోసం 1892లో విడిగా జనానా స్టూడియో పెట్టారు. కానీ 1905లోనే పోయారు. మామయ్యతో వాదన పెట్టుకోకు. ఆ మాట ఇంట్లో ముందు ఎవరన్నారో అడుగు. అదీ నీ కథలోదే.

ఇంకొకటి. పాప ఎడమ పాదం ఒక్కటే అలుక్కుపోయినట్టుంది. షట్టర్ తెరిచి ఉన్న ఆ కాసేపూ కాలు ఆడించి ఉంటుంది. తల్లి వేళ్లు ఆ మోకాలిని గట్టిగా అదిమి పట్టాయి. దీని గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ రాజసం అంతా కొట్టేసి ఇది రాయి.

కుడి చివర చెప్పుల్లేకుండా నిలబడ్డ అమ్మాయి ఎవరు? చుట్టమా, పనిపిల్లా? దుస్తులు చూసి తేల్చకు. ఈ ఆదివారమే చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్లు. తొంభై దాటిన మనిషి, వాయిదా వెయ్యకు. ఫోన్‌లో చూపించకుండా అసలు ఫొటోనే చేతికివ్వు. నువ్వు అడగకముందే ఆవిడ వేలు ఎవరి మీదికి వెళ్తుందో చూడు. చెప్పిందంతా రికార్డు చెయ్యి. పేర్లు వెనకాల మెత్తటి పెన్సిల్‌తోనే రాయి, బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు అచ్చు పడుతుంది.