మంగళవారం లూవ్రేకి సెలవు

చిన్నీ,

నిన్న రాత్రి పదింటికి మీ అమ్మ ఫోన్ చేసింది, ఆ టైంలో ఫోన్ మోగితే నాకు ముందు గుండె దడ, తీరా చూస్తే "దీనికి ప్యారిస్ పిచ్చి పట్టిందే, ఆఫీసులో ఇంకో పిల్లతో కలిసి ఐదు రోజులు వెళ్తుందంట, నువ్వైనా చెప్పు" అని. చెప్పమంటే వద్దని చెప్పమని. నేనెందుకు చెప్తాను? ఫోన్ పెట్టేసి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. నా కొంగు పట్టుకోకుండా కాకినాడ మెయిన్ రోడ్డు దాటని పిల్ల ప్యారిస్ వెళ్తుందంట. తర్వాత భయం కూడా వేసింది, అబద్ధం ఎందుకు.

పొద్దున్నే నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చూశాను. రంగులు బాగానే వేశావు గానీ ఐదు రోజులకి ఇరవై రెండు ప్లేసులా? తిరుపతి వెళ్ళి కొండమీద గుళ్ళూ కిందున్న గుళ్ళూ ఒక్క రోజులో చుట్టేసే మీ పెదనాన్న బుద్ధి వచ్చింది నీకు.

ముందు తిట్లు అయిపోనీ. వీసా రాకుండా టికెట్ ఎవరు కొనమన్నారు నిన్ను, అదీ క్యాన్సిల్ చేస్తే పైసా రాని టికెట్? షెంగెన్ వీసా, అదే ఫ్రాన్సుతో కలిపి యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే వీసా, దానికి 6 నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు పెట్టాలి అని ఉంటుంది కదా అని ఆ పదిహేనో రోజు దాకా కూర్చోకు, అపాయింట్‌మెంట్ దొరకొద్దూ. ఫీజు 90 యూరోలు, వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు రాదు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తక్కువ కాకుండా ఉండాలి. పాస్‌పోర్టు నువ్వు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలైనా నడవాలి, అది ఇవాళే తీసి చూడు. మిగతా కాగితాలు నీకు తెలిసినవే, లీవ్ లెటరూ బ్యాంకు స్టేట్‌మెంటూ అవీ.

ఇప్పుడు అసలు సంగతి. నీ షీట్‌లో ఆఖరి రోజు మంగళవారం అని పెట్టి, పక్కన లూవ్రే మ్యూజియం అని రాసి, దాని పక్కన "బెస్ట్ ఫర్ లాస్ట్" అని ఒక నవ్వు బొమ్మ పెట్టావు చూడు. అది చదివాక నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మంగళవారం లూవ్రేకి సెలవు చిన్నీ. ఏ మంగళవారమైనా సరే.

ఇది నాకెలా తెలుసో నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మక్కూడా సగమే తెలుసు. 2013లో మీ అన్నయ్య జర్మనీలో ఎమ్మెస్ అయిపోతుంటే మేమిద్దరం వెళ్ళాం కదా, వాడి రూములో పది రోజులు ఉండి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో నాలుగు గంటలే అంటే ప్యారిస్ బయల్దేరాం, ఆదివారం మధ్యాహ్నం దిగి బుధవారం పొద్దున్న రైలెక్కాలి. ప్లాన్ నాది. నీలాగే పుస్తకంలో గీతలు కొట్టి రాశాను. ఆదివారం ఈఫిల్ టవర్, సోమవారం పడవ, చర్చి, షాపింగు, మంగళవారం లూవ్రే.

మీ బాబాయి ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా చేశారు, జీతంలో సగం రంగులకీ సగం పిల్లల ఫీజులకీ పోయేది, ఆయన నన్ను జీవితంలో అడిగినవి ఓ నాలుగు ఉంటాయి. అందులో ఒకటి ఆ రోజు అడిగారు, "లూవ్రే ముందు పెట్టరాదూ" అని. నేను "ఎక్కడికీ పారిపోదు లెండి, ఎనిమిది వందల ఏళ్ళ నుంచీ అక్కడే ఉందంట" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

మంగళవారం తెల్లారకుండానే లేచి, హోటల్ వాళ్ళనడిగి ఇస్త్రీ పెట్టె తెచ్చుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా అంత బాగా తయారవ్వలేదు మనిషి. సంచిలో నోటు పుస్తకం, చెక్కిన పెన్సిళ్ళు రెండు. మెట్రో దిగి పైకొచ్చాం, ఆ గాజు పిరమిడ్ ఎదురుగా నిలబడ్డాం, అంత పేరున్న చోట జనమే లేరు. పావురాలు, ఫోటోలు తీసుకునేవాళ్ళు నలుగురు, అంతే. పొద్దున్నే వచ్చాం కాబట్టి రష్ లేదు అని నేను సంబరపడ్డాను కూడా. అక్కడున్న మనిషి మమ్మల్ని చూసి "ఫెర్మే" అన్నాడు. నాకేం తెలుస్తుంది? మీ బాబాయికి తెలిసింది. వాళ్ళ నాన్నగారు యానాంలో ఫ్రెంచివాళ్ళ టైంలో పెరిగిన మనిషి, 1954లో వాళ్ళు వెళ్ళిపోయినా ఆయన నోట్లో ఓ పాతిక ముక్కలు మిగిలిపోయాయి, ఏ కొట్టుకైనా తాళం వేసి ఉంటే ఫెర్మే అంటూ వెనక్కి వచ్చేవారంట. ఆ పాతికలో ఆ ముక్క కూడా ఉండాలా, నా ఖర్మ.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. మీ అన్నయ్యకి ఫోన్ చేసి "నువ్వు చూడొద్దురా" అని అరిచాను, తర్వాత ఈయన మీద పడ్డాను, "మీరైనా కనుక్కోవాలి కదా" అని. తప్పు నాది, కేకలు అందరి మీదా. ఆయన అక్కడ నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని "ఎండ బావుంది, కాసేపు కూర్చో" అని పుస్తకం తీసి పిరమిడ్ గీయడం మొదలెట్టారు. మీ అన్నయ్య మళ్ళీ ఫోన్ చేసి, రైలు మధ్యాహ్నానికి మార్చుకోండి, టికెట్లు కొత్తవి కొనాలి, ఇద్దరికీ కలిపి 200 యూరోలు దాకా అవుతుంది అన్నాడు. బుధవారం 9కి తీస్తారు, రెండు గంటలు చూసినా చాలు. నేనే వద్దన్నాను. 200 యూరోలంటే పదిహేను వేలు తల్లీ, మనకి మాటలా అన్నాను. ఆయన గీస్తూనే ఉన్నారు. ఆ మిగిల్చిన పదిహేను వేలు దేనికి ఖర్చుపెట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు చిన్నీ.

ఇంటికొచ్చాక ఎవరైనా అడిగితే "లూవ్రే చూశాం, బయట్నుంచి మహ బావుంది" అనేవారు, నా వంక చూడకుండా. మళ్ళీ వెళ్దాం అనుకుంటూనే ఉన్నాం. కరోనా వచ్చింది, ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.

అంచేత నువ్వు చెయ్యాల్సింది ఇది. శుక్రవారం దిగుతున్నావు కదా. ఆ రోజు రాత్రి 9 దాకా లూవ్రే ఉంటుంది, బుధవారం కూడా అంతే, కానీ విమానం దిగిన కళ్ళతో చూడకు, శనివారం పొద్దున్న 9 గంటల స్లాట్ ఆన్‌లైన్లో బుక్ చెయ్యి. వీసా స్టాంపు పడిన రోజే చెయ్యి. సోమవారం వెర్సాయ్ రాజభవనం పెట్టావు, అదీ తప్పే, వెర్సాయ్‌కి సోమవారం సెలవు, ఓర్సే మ్యూజియానికి కూడా సోమవారమే. చూశావా, ఒక్కొక్కళ్ళు ఒక్కో రోజు మూస్తారు, మన మంగలి షాపు మంగళవారం అని ఒక్కటే గుర్తుపెట్టుకుంటే సరిపోదు అక్కడ. వెర్సాయ్ ఆదివారానికి జరుపు. డిస్నీల్యాండ్ కొట్టెయ్యి, నీకు ఇరవై ఏడేళ్ళు.

నోట్రడామ్ చర్చి సోమవారం పెట్టుకో, డబ్బులు కట్టక్కర్లేదు. 2019లో కాలిపోయింది కదా, ఆ రాత్రి మీ బాబాయి పదకొండు దాటినా టీవీ కట్టెయ్యలేదు, ఆ శిఖరం విరిగి పడుతుంటే లేచి నిలబడిపోయారు, తర్వాత బీరువాలోంచి తను గీసుకున్న బొమ్మ తీసి చూసుకున్నారు. మళ్ళీ కట్టి 2024 డిసెంబర్లో తెరిచారు. ఈఫిల్ టవర్ ఎక్కాలని ఉంటే ఎక్కు, నాకైతే ఎక్కడం కంటే ఎదురుగా ట్రొకాడెరో దగ్గర నిలబడి చూడటమే బావుంది, చీకటి పడ్డాక గంటగంటకీ 5 నిమిషాలు మిలమిలా మెరుస్తుంది, దానికి టికెట్ లేదు.

దొంగల సంగతి. మెట్రోలో బ్యాగు ముందుకి వేసుకో, ఫోను తలుపు దగ్గర నిలబడి చూడకు, పాస్‌పోర్టు హోటల్లో పెట్టి కాపీ తీసుకెళ్ళు. సంతకం పెట్టమని అట్ట పట్టుకుని వచ్చే ఆడపిల్లలుంటారు, ఆగకు. మోంమార్త్ర్ కొండ మీద తెల్ల చర్చి దగ్గర మెట్ల కింద కుర్రాళ్ళు చేతికి దారం కడతామని వస్తారు. మీ బాబాయి అన్నవరంలో వ్రతానికి కూర్చున్నట్టు కుడిచెయ్యి చాపి కట్టించుకున్నారు, వాడు 20 యూరోలు అంటే 5 ఇచ్చి దణ్ణం కూడా పెట్టారు. ఆ దారం ఇంటికొచ్చి మాసిపోయేదాకా తీయలేదు. నువ్వు మాత్రం చేతులు జేబులో పెట్టుకుని నడువు.

చార్లెస్ డిగాల్ ఎయిర్‌పోర్టు నుంచి ఆర్ఈఆర్ బి రైలు ఉంటుంది. ట్యాక్సీ అయితే సిటీలోకి రేటు ఫిక్స్, నది ఏ ఒడ్డున హోటల్ ఉందో దాన్ని బట్టి 56 లేదా 65 యూరోలు, లోపలికొచ్చి ట్యాక్సీ ట్యాక్సీ అని పిలిచేవాళ్ళ వెంట వెళ్ళకు, బయట లైన్లో నిలబడి ఎక్కు. షాపులో అడుగు పెట్టగానే బోంజూర్ అను. అదేదో పెద్ద మర్యాద వాళ్ళకి, నేను అనకుండా బ్రెడ్డు అడిగితే వినపడనట్టే ఉంది ఆవిడ, మీ బాబాయి వెనకనుంచి "బోంజూర్ మదాం" అన్నారో లేదో మొహం వెలిగిపోయింది. యానాం ఫ్రెంచి అక్కడ పనికొచ్చింది మరి. హోటల్లో మంచినీళ్ళు సీసా అడగకు, కొంటావనుకుంటారు, కుళాయి నీళ్ళు జగ్గులో ఇమ్మంటే ఊరికే ఇస్తారు. మన తిండి కావాలంటే లా షాపెల్ దగ్గర శ్రీలంక తమిళుల వీధి ఉంటుంది, దోశ దొరుకుతుంది. మీ అమ్మ మటన్ పచ్చడీ పాలకోవా పెడతానంటే వద్దను, మాంసం, పాల సరుకు అక్కడికి తీసుకెళ్ళనివ్వరు. కందిపొడి పెట్టుకో.

షూస్ కొత్తవి కొనకు.

ఇంకొకటి. లూవ్రేలో మోనాలిసా గదిలోకి వెళ్తావు కదా, జనం నెట్టేస్తుంటారంట, ఆ బొమ్మ చూస్తే మన గోడ క్యాలెండరంతే ఉంటుందంట. సరే చూడు. చూశాక వెనక్కి తిరుగు. ఎదురు గోడ నిండా ఒక పెళ్ళి భోజనాల బొమ్మ ఉంటుంది, కానా పెళ్ళి, 1563లో వేసింది, అడ్డం దాదాపు 10 మీటర్లు, లూవ్రేలో అన్నింటికన్నా పెద్ద బొమ్మ అదేనంట. మీ బాబాయి చూడాలనుకున్నది మోనాలిసాని కాదు, దాన్ని. అందులో బంతి భోజనాలూ పాటగాళ్ళూ కుక్కలూ ఉంటాయని, ఓ మూల పిల్లి ఒకటి వెల్లకిలా పడుకుని జాడీ గీరుతుంటుందని స్కూల్లో పిల్లలకి ఏటా చెప్పేవారు, పుస్తకంలో అచ్చేసిన బొమ్మలో అది కనపడదు, చిన్నదైపోయి. ఉందని ఎలా తెలుసండీ అంటే ఉంటుందిలే అనేవారు.

కుడివైపు వెతుకు. దొరికితే అక్కడినుంచే ఫోన్ చెయ్యి, మనకి మధ్యాహ్నం అయి ఉంటుంది, నేను పడుకోను.

మీ పిన్ని