ప్రొటెక్షన్ ఆర్డర్ ఉత్త కాగితమా? మా అక్క కేసులో జరిగింది ఇదీ

మీ చెల్లికి గృహహింస కేసులో ప్రొటెక్షన్ ఆర్డర్ (భర్త ఆమె జోలికి రాకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చాక కూడా భర్త ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు, చుట్టాలతో ఫోన్లు చేయిస్తున్నాడు, దీనికి నిజంగా శిక్ష పడుతుందా అని అడిగారు. పడుతుందండీ. 2005 నాటి గృహహింస చట్టం సెక్షన్ 31 ప్రకారం ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఇంతవరకూ ఏ లాయరైనా చెప్తారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఆర్డర్‌ని ముందు తొక్కేది మొగుడు కాదు, మన చుట్టాలే.

మా అక్కకి టైలరింగ్ షాపుంది. ఇంటికీ షాపుకీ రాకూడదు, ఫోన్ చేయకూడదు అని మెజిస్ట్రేట్ ఆర్డర్‌లో స్పష్టంగా రాశారు. భోగి రోజు, సంక్రాంతి బట్టల కోసం షాపు నిండా జనం ఉండగా బావ దిగాడు. గొడవకి కాదు. చేతిలో పూతరేకుల డబ్బా, పిల్లాడికి కొత్త చొక్కా. పక్కన మా పెదనాన్న. "పండగ పూట గుమ్మంలోకొచ్చినవాణ్ణి పొమ్మంటావా?" అని ఆయనే అందుకున్నాడు. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు కూడా పాపం అన్నట్టు చూశారు. అక్క చేతిలో కత్తెర పక్కన పెట్టకుండానే "కోర్టు రావద్దంది, మీరొచ్చారు" అంది, అంతే. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవలేదు.

స్టేషన్‌కెళ్తే ఎస్సై గారి మొదటి మాట: "పూతరేకులు తెస్తే కేసేంటమ్మా, కొట్టలేదుగా?" కొట్టక్కర్లేదు. రావద్దన్న చోటికి రావడమే నేరం. సెక్షన్ 24 ప్రకారం ఆర్డర్ కాపీ కోర్టు నుంచి స్టేషన్‌కి కూడా అందాలి. వాళ్ళు వెతికితే దొరకలేదు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒరిజినల్ ఏదన్నారు. ఇంటికెళ్ళి ఒరిజినల్ తెస్తే జిరాక్స్ ఏదన్నారు, పండక్కి జిరాక్స్ షాపులన్నీ మూత! సాక్షులెవరన్నారు. షాపులో అంతమంది ఉన్నారు కదా, ఒక్కరూ రాలేదు. చివరికి మా లాయరమ్మ ఫోన్‌లోనే ఆయనకి సెక్షన్ 32 చదివి వినిపించింది. ఇది కాగ్నిజబుల్, అంటే వారంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయొచ్చు. నాన్‌బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే. బాధితురాలి ఒక్కదాని సాక్ష్యం మీదే నేరం జరిగిందని కోర్టు తేల్చవచ్చు. అప్పుడుగానీ ఎఫ్ఐఆర్ కాలేదు.

నాన్‌బెయిలబుల్ అన్నారు కదా అని ఆ రాత్రే లోపలేస్తారనుకోకండి. ఏడేళ్ళలోపు శిక్షలున్న కేసుల్లో చాలావరకు నోటీసిచ్చి పిలుస్తారు. పాత సీఆర్‌పీసీ ఉన్నప్పుడు 41ఏ నోటీసు అనేవారు, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 35(3). బావకీ నోటీసే ఇచ్చారు. ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే ఈ కేసూ నడుస్తోంది, ఇంకా తేలలేదు. కానీ నోటీసు అందాక ఆ వీధిలో మనిషి కనపడితే ఒట్టు. ఇలాంటి మగాళ్ళకి జైలు కంటే వాయిదాలకి తిరగడమే భయం, ఎవరితోనైనా పందెం కాస్తాను.

పెదనాన్న మాత్రం మాతో మాటలు మానేశాడు. ఆడపిల్ల స్టేషన్ మెట్లెక్కిందని ఆయన బాధ. కేసు వేయకముందు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించి అక్కని మళ్ళీ మళ్ళీ ఆ ఇంటికి పంపింది ఈయనే. ఆ తెల్లకాగితానికున్న విలువ మెజిస్ట్రేట్ సంతకానికి లేదట! పైగా పూతరేకులు తిరిగి పంపించామని కూడా తప్పుపట్టాడు.

ఇంకో మాట. రేపెప్పుడో మనసు మెత్తబడి మీ చెల్లే అతన్ని రమ్మందనుకోండి, అంతమాత్రాన ఆర్డర్ పోదు. మార్చాలన్నా ఎత్తేయాలన్నా సెక్షన్ 25 కింద కోర్టే చేయాలి.

ఇక ఫోన్ల సంగతి. ఏ రూపంలోనూ సంప్రదించకూడదని ఆర్డర్‌లో ఉందో లేదో ముందు చూడండి, లేకపోతే లాయర్‌తో అడిగించి చేర్పించండి. ఈ చట్టం కింద 2006లో వచ్చిన రూల్స్‌లో 15వ రూల్ ప్రకారం అతని తరఫున వేరేవాళ్ళు ఆర్డర్ అమలుకి అడ్డుపడినా ఉల్లంఘన కిందే లెక్క. స్టేషన్‌లో తీసుకోకపోతే ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి (ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే ప్రభుత్వ అధికారి) రాతపూర్వకంగా, సంతకంతో ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఆఫీసర్ ఎవరో జిల్లాలోని ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను చూసే శాఖ) ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసులో అడిగితే చెప్తారు. ఆ ఫిర్యాదుని ఆర్డర్ కాపీతో కలిపి మెజిస్ట్రేట్‌కి పంపాల్సింది ప్రొటెక్షన్ ఆఫీసరే. ఏ రోజు, ఏ టైముకి, ఏ నంబర్ నుంచి ఫోన్ వచ్చిందో ఫిర్యాదులోనే రాయండి, ఫోన్ చేసిన బాబాయిల పేర్లతో సహా.