కళాచరిత్ర చదవబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

బరోడాలో కళాచరిత్ర పి.జి.లో నీకు సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అతనికి మాత్రం సంతోషంతో పాటు బెంగ కూడా ఉన్నట్టుంది, "ఈ చదువు చదివి ఏం చేస్తుంది అన్నయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ సంగతి చివర రాస్తాను. ఈ సబ్జెక్టును ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిగా ముందు నీతో చెప్పవలసినది వేరే ఉంది.

నేను ఎం.ఎ. మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు అమరావతి స్తూప ప్రాకారంలోని నలగిరి శిల్పం మీద పన్నెండు పేజీల వ్యాసం రాశాను. మదమెక్కిన నలగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన కథను చెక్కిన గుండ్రటి పతకం అది. పుస్తకాల్లోని ఫొటోలు చూసి, నలుగురు పండితుల అభిప్రాయాలు పోగుచేసి రాసిన ఆ వ్యాసాన్ని మా గురువుగారు చదివి, "పైన కిటికీల దగ్గర ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు?" అని ఒక్కటే ప్రశ్న అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఆ వారమే రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్లి, ఎగ్మూరు మ్యూజియంలో ఆ రాయి ముందు నిలబడ్డాను. ఒకే వృత్తంలో ఒకే ఏనుగు రెండుసార్లు కనబడుతుంది: ఒకచోట మనిషిని తొండంతో పట్టుకుని వీధిలో బీభత్సం చేస్తుంటే, ఇంకొకచోట బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. ఏనుగు కోపానికీ శాంతానికీ మధ్య జరిగిన కాలాన్ని శిల్పి ఒకే రాతిలో ఇమిడ్చాడు. పైన మేడల్లోంచి తొంగి చూస్తున్న జనాన్ని చూస్తే, వీధిలో గొడవ జరిగినప్పుడు మన ఊళ్లో అరుగుల మీదికి వచ్చి చూసేవాళ్లే గుర్తొస్తారు. వాళ్లు ఉండబట్టే అది ఊరయింది, భయం అందరిదీ అయింది. ఈ మాట నేను చదివిన పేజీలలో ఎక్కడా లేదు, ఉన్నా రాయి ముందు నిలబడకుండా నాకు అందేది కాదు.

అందుకని, తల్లీ, ఏ వస్తువు మీద రాయాలన్నా దాని ముందు కనీసం అరగంట ఫోన్ బయటికి తీయకుండా నిలబడు. పక్కనున్న చీటీ ముందే చదవకు. బొమ్మ వేయడం రాకపోయినా పెన్సిలుతో గీసుకో. గీసేటప్పుడు చెయ్యి ఆగిన చోటే కన్ను సరిగ్గా చూడలేదని అర్థమవుతుంది. ఉబ్బెత్తు శిల్పాన్ని ఎదుటి వెలుతురులో చూస్తే చదునుగా కనబడుతుంది కనుక, మ్యూజియంవారు అనుమతిస్తే చిన్న టార్చిని పక్కవాటుగా పట్టుకుని చూడు. ఆ తరువాత కనబడినదంతా ముందు తెలుగులో రాసుకో, వ్యాసం ఇంగ్లీషులో రాయవలసి ఉన్నా సరే. ఇంగ్లీషులో మొదలుపెడితే అప్పటికే చదివిన వాక్యాలు కలంలోకి వచ్చి కూర్చుంటాయి.

చూడడమంటే ఎదుటి ముఖాన్ని ఒక్కదాన్నే చూడడం కాదు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలక ఒకటి ఉంది. దానికి ఒకవైపు క్రీస్తుపూర్వపు పద్ధతిలో బుద్ధుడి రూపం లేకుండా బోధివృక్షాన్ని పూజిస్తున్న దృశ్యం ఉంటే, వెనకవైపు సుమారు 3వ శతాబ్దంలో చెక్కిన స్తూపం బొమ్మ ఉంది. అంటే పాత పలకనే తిప్పి మళ్లీ చెక్కించారు. ఆ రాళ్లు లండన్ దాకా ఎలా వెళ్లాయో కూడా కళాచరిత్రలో భాగమే. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు స్తూపం రాళ్లు కట్టడాలకు వెళ్లాయి, కొన్ని సున్నం బట్టీలకూ వెళ్లాయి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1798 ప్రాంతంలో మొదటిసారి చూసి, 1816లో మళ్లీ వచ్చి తన మనుషులచేత బొమ్మలు గీయించాడు; వాటిలోని కొన్ని పలకలు ఇప్పుడు ఎక్కడా లేవు, ఆ కాగితం మీదే ఉన్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడెక్కాయి. కాబట్టి ఏ శిల్పం ఎదురైనా ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారి ఇక్కడికి వచ్చింది, వచ్చేటప్పుడు ఏమి పోగొట్టుకుంది అని అడగడం అలవాటు చేసుకో.

భాషల సంగతి ఇంకా ముఖ్యం. పాత శాసనాల్లోని బ్రాహ్మి లిపి చదవడం మొదటి సంవత్సరంలోనే నేర్చుకో, ప్రాకృతం, సంస్కృతం కొంచెమైనా రావాలి. అయితే నీకు ఇప్పటికే చేతిలో ఉన్న ఆస్తి తెలుగే. గుడ్డ మీద కథలను బొమ్మలుగా వేసే చేర్యాల నకాషీ కళాకారుల ఇంటికి వెళ్లి కూర్చుంటే వాళ్లు గంజి, సుద్ద, చింతగింజల పిండి, తుమ్మజిగురు అంటూ తమ మాటల్లో గుడ్డను పటంగా ఎలా తయారు చేస్తారో చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటాన్ని ఒక్కో మడతా విప్పుతూ పాడేవారు. ఏ దృశ్యం ఎప్పుడు కనబడాలో కథకుడి చేతిలో ఉండేది. అద్దంలో బిగించి గోడకు తగిలించిన పటంలో ఆ క్రమమూ ఆ గొంతూ ఉండవు. ఇవి విని రాయగలిగినవాళ్లు మన యూనివర్సిటీలలో తక్కువమంది ఉన్నారు, నువ్వు వారిలో ఒకతెవు కావాలని నా కోరిక.

బరోడాలో ఆ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950 నుంచి ఉంది. అక్కడ పాఠం చెప్పేవారూ బొమ్మలు వేసేవారూ ఒకే ఆవరణలో ఉండడమే దాని బలం. మన చిత్రకారులు లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఆ చెట్ల కిందే చదివారు. సాయంత్రాలు ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో కూర్చుని, రాగిరేకును యాసిడ్ ఎలా తింటుందో చూడు. ఆ పని చూసిన తరువాత ముద్రణ చిత్రాల మీద రాసే వాక్యమే మారిపోతుంది. ఆదివారాలు పాత కోటా కట్టడాలూ ఉన్న చాంపానేరు వెళ్లు. బరోడా మ్యూజియం సరేసరి.

సెమినార్లలో సిద్ధాంతాల పేర్లు విని బెదిరిపోకు. వాటిని చదవాలి, శ్రద్ధగానే చదవాలి, కాని ప్రతి వాదాన్నీ ఒక వస్తువు ముందుకు తెచ్చి నిలబెట్టి పరీక్షించు. 19వ శతాబ్దపు ఆంగ్ల రచయితలు గ్రీకు శిల్పాన్ని కొలబద్దగా పెట్టుకుని మన శిల్పాన్ని కొలిచారు. వారు చేసిన కొలతలూ నమోదులూ మనకు అవసరమే, వారి తీర్పులు మాత్రం మళ్లీ విచారించి తీసుకోవాలి.

ఇక మీ నాన్న ప్రశ్న. ఉద్యోగాలు వెంటనే దొరకవు, ఈ మాట దాచను. అధ్యాపకుల అర్హత పరీక్ష యు.జి.సి. నెట్‌లో విజువల్ ఆర్ట్ సబ్జెక్టు కింద రాసి అధ్యాపకురాలివి కావచ్చు. మ్యూజియంలు, గ్యాలరీలు, వారసత్వ సంస్థలు, పత్రికలు ఉన్నాయి. ఏ తలుపు తట్టినా, వస్తువును సరిగ్గా కొలిచి, ఫొటో తీసి, వివరంగా నమోదు చేయగలవా అని చూస్తారు. ఆ పని చదువుకునే రోజుల్లోనే సెలవుల్లో ఏదైనా మ్యూజియంలో ఉండి నేర్చుకో.

రైలెక్కేముందు ఒక్క పని చెయ్యి. మన ఊరి ఇంటి ద్వారబంధం మీద గజలక్ష్మి ఉంది కదా, చిన్నప్పటి నుంచి దాని కిందుగా వెయ్యిసార్లు నడిచి ఉంటావు. ఒక స్టూలు వేసుకుని, టార్చి పక్కవాటుగా పట్టుకుని అరగంట చూసి, ఒక పేజీ తెలుగులో రాసి నాకు పంపు. ఎడమవైపు ఏనుగు తొండంలో కలశం ఉందని నాకు గుర్తు. కుడివైపు ఏనుగు తొండంలో ఏముందో నువ్వే చూసి రాయి.

మీ పెదనాన్న