ముందు కణాల తీరు తెలుసుకో, తల్లీ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ పీహెచ్‌డీ పని బ్లడ్ క్యాన్సర్ కణాల మీదేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. రిటైరయ్యేదాకా నేను ఇక్కడ తిరుపతి ల్యాబ్‌లో చేసిన పని అదే కాబట్టి, ప్రోటోకాల్ కాగితంలో దొరకనివి కొన్ని రాస్తున్నా.

మీ గైడ్ పుణెలోని కణ పరిశోధన సంస్థ ఎన్‌సీసీఎస్ నుంచి కె-562 అనే కణాలు తెప్పిస్తున్నారట. మంచి ఎంపిక. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ బాగా ముదిరిన 53 ఏళ్ల ఆవిడ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసిన కణాలవి. 1975లో వాటి గురించి పేపర్ వచ్చింది. ఆవిడ ఎవరో మనకు తెలియదు, కానీ ఫ్లాస్క్ చేతిలోకి తీసుకునేటప్పుడు ఆవిడ గుర్తుండాలని నా కోరిక. ఆ కణాల్లో బీసీఆర్-ఏబీఎల్ అనే కలగలిసిన జీన్ ఉంటుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు అడ్డుకునేది ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్‌నే. అందుకే మందుల ప్రయోగాలకు వీటిని అంతగా వాడతారు.

కణాల వయల్ (చిన్న సీసా) రాగానే మందు వేసి చూడాలని నీకు ఆత్రంగా ఉంటుంది. వద్దు. ముందు ఆ కణాలు నీ ల్యాబ్‌లో, నీ ఇంక్యుబేటర్‌లో, నువ్వు వాడే సీరంలో (రక్తంలోంచి తీసే పోషక ద్రవం) ఎలా పెరుగుతున్నాయో తెలుసుకో. ఆర్‌పీఎంఐ-1640 మీడియాలో (కణాలను పెంచే ద్రవం) 10 శాతం సీరం కలిపి, 37 డిగ్రీల్లో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచితే కె-562 సుమారు రోజుకు రెట్టింపవుతుంది. గడ్డకట్టి వచ్చిన కణాలను కరిగించిన కొత్తలో అంత వేగం రాదు, కంగారుపడకు. రెండు మూడు పాసేజ్‌లు (కణాలను పలచన చేసి కొత్త మీడియాలోకి మార్చడం) అయ్యాక మిల్లీలీటరుకు లక్ష కణాలు వేసి, రోజూ ఒకే వేళకు లెక్కపెట్టి గ్రాఫ్ గీయి. మొదట మందకొడిగా ఉండి, తర్వాత గీత నిటారుగా లేచి, చివరికి ఆగిపోతుంది. మందు వెయ్యాల్సింది ఆ లేచే దశలోనే. మీడియా పోషకాలు అయిపోయి కణాలు వాటంతటవే ఆగిపోయే సమయంలో మందు వేస్తే, ఆపింది మందో ఆకలో ఎవరూ చెప్పలేరు. కణాలను మిల్లీలీటరుకు పది లక్షలు దాటనివ్వకు.

ఇవి ఫ్లాస్క్ అడుగున అంటుకునే కణాలు కావు, తేలుతూ ఉంటాయి. కాబట్టి మైక్రోస్కోప్‌లో ఒక్క చూపు చూసి ఎన్ని ఉన్నాయో అంచనా వెయ్యలేవు. మీడియా పసుపుపచ్చగా మారిందా లేదా అన్నదీ కొలత కాదు. ట్రిపాన్ బ్లూ అనే నీలం రంగు సమానంగా కలిపి, గళ్లున్న లెక్కింపు స్లైడ్ మీద లెక్కపెట్టు. బతికినవి మెరుస్తూ ఉంటాయి, చచ్చినవి నీలం తాగుతాయి. నాలుగు మూలల గళ్ల సగటును రెండుతో, తర్వాత పదివేలతో హెచ్చిస్తే మిల్లీలీటరుకు లెక్క వస్తుంది. రంగు కలిపాక ఐదు నిమిషాల్లో చూసెయ్, ఆలస్యమైతే బతికినవీ నీలమైపోతాయి.

రంగు మార్పును బట్టి కణాలను అంచనా వేసే ఎంటీటీ పరీక్ష మీద మాత్రమే ఆధారపడటం నాకు నచ్చదు. అది కొలిచేది కణాల జీవక్రియను, కణాల సంఖ్యను కాదు. మందు వల్ల కణం చావకుండా మందగించినా రంగు తగ్గుతుంది. చేస్తే చెయ్యి, కానీ పక్కనే ట్రిపాన్ లెక్క ఉండాలి. తేలే కణాలు కాబట్టి ప్లేట్‌ను సెంట్రిఫ్యూజ్ చెయ్యకుండా పైనున్న మీడియా తీశావంటే కణాలు కూడా పోతాయి.

ఇంకొకటి. మందును డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తావు కదా, పోల్చి చూసుకోడానికి మందు లేకుండా అంతే డీఎంఎస్ఓ ఒట్టిగా వేసిన కంట్రోల్ తప్పకుండా పెట్టు. ప్రయోగంలో డీఎంఎస్ఓను 0.1 శాతం దాటనివ్వకు. రేపు హెచ్‌ఎల్-60 అనే మరో రకం బ్లడ్ క్యాన్సర్ కణాలకు మారితే ఇది మరీ ముఖ్యం. 1.25 శాతం డీఎంఎస్ఓ ఒక్కటే వాటిని న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్ల రక్తకణం) లాంటి కణాలుగా మార్చి పెరుగుదల ఆపేస్తుంది. అది మందు ప్రభావమనుకుంటే థీసిస్ మొత్తం తప్పుదారి పడుతుంది.

మన ఊరి సంగతులు కూడా చెప్పాలి. కార్తీక మాసం వానలకు ఫంగస్ విజృంభిస్తుంది. ఇంక్యుబేటర్ ట్రేలో కుళాయి నీళ్లు పొయ్యకు, స్టెరైల్ చేసిన డిస్టిల్డ్ వాటర్ వాడు. శుక్రవారం సాయంత్రం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మీటర్ చూడకుండా ఇంటికి వెళ్లకు. కరెంటు పోతే ఇంక్యుబేటర్ తలుపు తియ్యకు, లోపలి వేడి కొంతసేపు నిలుస్తుంది. డ్రై ఐస్ పార్శిళ్లు బ్రహ్మోత్సవాల వారంలో చేరేలా ఆర్డర్ పెట్టకు. రోడ్లన్నీ జనమే, దారిలోనే ఐస్ ఆవిరైపోతుంది.

ఫంగస్ కనీసం కంటికి కనిపిస్తుంది. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా కనిపించదు. మీడియా మబ్బుగా మారదు, కణాలు చావవు, పెరుగుదల మాత్రం మారిపోతుంది. దానికి కణగోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచెయ్యదు, మామూలు 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లోంచీ దూరిపోగలదు. నెలకోసారి దాని డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించు. ఖర్చని గైడ్ గారు వెనకాడితే నా మాటగా చెప్పు.

ఆ పరీక్షలో నెగటివ్ వచ్చిన వెంటనే, పాసేజ్‌లు పెరగకముందే, కణాలు బాగా పెరుగుతున్న దశలో పది వయల్స్ ఫ్రీజ్ చేసి పెట్టుకో. గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడటానికి 10 శాతం డీఎంఎస్ఓ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 80కి, మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లోకి. ప్రతి వయల్ మీద పాసేజ్ నంబర్, తేదీ చెరగని ఇంకుతో రాయి. మొదటి గ్రాఫ్ గీయగానే ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ