సైకిల్ రైడ్లు నడపడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది శ్రీకాకుళం. మావాడు బీకాం ఆఖరి ఏడు. బ్యాంకు కోచింగ్‌కి వెళ్లనంటున్నాడు. 200, 300 కిలోమీటర్ల సైకిల్ రైడ్లు నిర్వహించే పనిలోనే స్థిరపడతాడట. సైకిళ్లతో బాగుపడినవాడెవడని గట్టిగానే అడిగాను. ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేయించాలా, ఎంబీఏ లాజిస్టిక్సా? పెళ్లిళ్లలో నలుగురూ అడిగితే ఏం చెప్పను?

జవాబు: మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే కదండీ! నిరుడు ఇంకో తండ్రి డ్రోన్ల గురించి రాశారు, ఆ ఉత్తరంలోనూ పెళ్లిళ్లే ఉన్నాయి.

రైడ్ నడపడమంటే జెండా ఊపి ఇంటికెళ్లడం కాదు. గడువులోపు పూర్తిచేయాల్సిన ఈ దూరపు రైడ్లని బ్రెవేలంటారు. 200 కి.మీ. బ్రెవేకి గడువు 13 గంటల 30 నిమిషాలు. ఉదయం 6కి బయలుదేరినవాళ్లు రాత్రి 7.30లోపు చేరాలి. 100వ కిలోమీటరు కంట్రోల్, అంటే రైడర్లు ఆగి కార్డు చూపించాల్సిన చోటు, మధ్యాహ్నం 12.40కి మూతపడుతుంది. చెమటతో తడిసిన కార్డు మీద స్టాంపు వేసి, టైమ్ రాసి, పంక్చరైనవాడి ఫోనుకి జవాబు చెప్పాలి. 400కి గడువు 27 గంటలు. అర్ధరాత్రి టెక్కలి దగ్గర ఏ టీకొట్టు తెరిచి ఉంటుందో ముందే చూసిపెట్టుకోవాలి. ఇక అక్టోబరు తుపాన్లు! 2018లో తిత్లీ పలాసని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా?

నా అనుమానమల్లా డబ్బు దగ్గరే. ఈ రైడ్లు ఎక్కువగా వాలంటీర్లతో నడుస్తాయి. ఎంట్రీ ఫీజుల్లోంచి జీతాలు రావు. రైడర్లు పెరగడమూ పోస్టర్లతో జరిగే పని కాదు, 200 చేసినవాణ్ని 300కి రప్పించాలి. ఒకే సీజన్లో 200, 300, 400, 600 పూర్తిచేస్తే సూపర్ రాండనర్ అంటారు. ఆ పేరు కోసమే చాలామంది మళ్లీ వస్తారు. అంత ఓపిక పట్టాలంటే పక్కన ఒక జీతం ఉండాలి.

డిప్లొమా అంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. నేను చూసినవి చాలామటుకు పెళ్లి స్టేజీల చుట్టూ తిరిగేవే. హైవే మీద చెదిరిపోయిన అరవై మందిని కనిపెట్టుకోవడం అక్కడ నేర్పరు. ఎంబీఏకి తొందరేం లేదు. ముందు డిగ్రీ పూర్తిచేసి, విశాఖలో ఏదైనా కొరియర్ సంస్థలోనో గోడౌన్లోనో రెండేళ్లు పనిచేయమనండి. ఆదివారాలు రైడ్లకి వాలంటీరుగా వెళ్తాడు. బండ్లు, టైములు, మనుషులు... రెండుచోట్లా అదే పని.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. సైకిళ్లతో బాగుపడినవాడెవడని అడిగారే, మీవాడు వేసుకున్న రూటు షీటు ఒక్కసారైనా చూశారా? చూడకుండా తీర్పు చెప్పేస్తే ఎలా? మీవాడు దారి తప్పలేదు, మీతో చెప్పడం మానలేదు. నేను కంగారుపడేది చెప్పడం మానేసిన పిల్లల గురించి.

నవంబరులో కొత్త సీజన్ మొదలవుతుంది. వాడికి రాత్రి కంట్రోల్ డ్యూటీ పడిన రోజు మీరూ వెళ్లి కూర్చోండి. దుప్పటి మరిచిపోకండి, తెల్లవారుజామున హైవే పక్కన చలి ఎక్కువ.