గుంతను కాదు, వాలును చూసి తొక్కు

చెల్లాయికి ఆశీస్సులు.

నువ్వు మూడు చక్రాల సైకిల్ తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. చెవి జబ్బు తర్వాత నడుస్తుంటేనే తూలిపోతున్నానని, ఇక సైకిల్ మాట మరిచిపోవాల్సిందేనని నువ్వు అన్నప్పుడు రెండు రోజులు నా మనసు మనసులో లేదు. ఇప్పుడు మళ్లీ ఎవరి తోడూ అక్కర్లేకుండా బయటికి వెళ్లొస్తావు. కాకపోతే నువ్వు రోజూ వెళ్లాల్సింది మట్టి దారి, కంకర, వాన పడితే బురద. పదకొండేళ్లుగా అలాంటి దారుల్లోనే ట్రైసైకిల్ తొక్కుతున్నవాణ్ని. నాకు తెలిసింది నీకు రాయకుండా ఉండలేను.

"మూడు చక్రాలు కదా, పడిపోదులే" అని అందరూ నీకు చెప్పే ఉంటారు. బండి ఆగి ఉన్నప్పుడు ఆ మాట నిజం. కదులుతున్నప్పుడు, అందులోనూ నేల ఒక పక్కకి వాలి ఉన్నప్పుడు, ఆ మాట నమ్ముకుంటే దెబ్బ తగులుతుంది. రెండు చక్రాల సైకిల్ వాలు నేల మీద కూడా నిటారుగానే ఉంటుంది, మలుపులో లోపలికి ఒరుగుతుంది. ట్రైసైకిల్‌కి ఒరగడం రాదు. నేల ఎటు వాలితే బండి అటు వాలుతుంది, దాని మీద కూర్చున్న మనమూ అటే వాలుతాం. మలుపులో అయితే మనల్ని బయటికి తోస్తుంది.

నేను పడింది ఇది తెలియకే. మొదటి ఏడాది, గట్టు పక్కన మట్టి దారిలో వెళ్తున్నాను. ఎదురుగా ఒక గుంత కనిపించింది. పాత సైకిల్ అలవాటు కొద్దీ హ్యాండిల్ పక్కకి తిప్పి గుంతను తప్పించాను. ముందు చక్రం తప్పించుకుంది, వెనక కుడి చక్రం మాత్రం దారి అంచు దాటి కిందికి జారింది. బండి ఒరుగుతుంటే కాలు నేలకి ఆన్చబోయాను. వెనక చక్రం వచ్చి మడమని కొట్టింది, నేనూ బండీ కలిసి పడ్డాం. మూడు వారాలు సరిగ్గా నడవలేకపోయాను. ఆ గుంతలోంచే నెమ్మదిగా పోయి ఉంటే నడుముకి ఒక కుదుపు తగిలేది, అంతే. అప్పట్నుంచి నేను గుంతల కోసం వెతకడం మానేసి, నేల పక్కకి ఎంత వాలి ఉందో చూడటం మొదలుపెట్టాను. నీకు చెప్పదలచుకున్న అసలు మాట అదే. మిగతావన్నీ దాన్నించే వస్తాయి.

ఆ పడటంలో ఇంకో పాఠం కూడా ఉంది. కదులుతున్న ట్రైసైకిల్ మీంచి కాలు కింద పెట్టకు. రెండు చక్రాల సైకిల్‌కి కాలే ఆధారం, దీనికి కాలే ప్రమాదం. భయం వేస్తే బ్రేకు పట్టుకో, పాదాలు పెడళ్ల మీదే ఉంచు. నీ కాళ్లకి ఇది అలవాటయ్యేదాకా, చదునైన ఖాళీ స్థలంలో వారం రోజులు తొక్కి ఆపడం, తొక్కి ఆపడం చేస్తూ ఉండు.

బండి ఎందుకు ఒరుగుతుందో బొమ్మ గీసుకుంటే బాగా అర్థమవుతుంది. మూడు చక్రాలు నేలకి ఆనే చోట్ల మూడు చుక్కలు పెట్టి కలుపు, త్రికోణం వస్తుంది. నీ బరువు ఆ త్రికోణం లోపల పడుతున్నంతసేపు బండి నిలబడుతుంది. నీలాంటి బండికి వెనక చక్రాల మధ్య దూరం సుమారు 70 సెంటీమీటర్లు, అంటే మధ్య నుంచి ఒక్కో పక్కకి 35 మాత్రమే. సీటు మీద కూర్చుంటే బరువు నేల నుంచి దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. పైగా త్రికోణం ముందుకి పోయేకొద్దీ సన్నబడుతుంది కదా, బరువు ముందుకి జరిగినప్పుడల్లా పక్కన ఉండే జాగా తగ్గిపోతుంది. దిగుడులో, మలుపు మధ్యలో, ముందు బ్రేకు గట్టిగా పట్టడం అన్నిటికంటే చెడ్డ పని అవడానికి కారణం ఇదే. దిగుడు, బ్రేకు కలిసి బరువుని ఆ సన్నటి కొస వైపుకి నెట్టేస్తాయి, మలుపు దాన్ని పక్కకి తోసేస్తుంది.

ఈ కొలతలతో, త్రికోణం ముందుకి సన్నబడటాన్ని కూడా కలుపుకుని లెక్క వేసి చూస్తే, 5 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు సుమారు 13 కిలోమీటర్ల వేగానికే లోపలి చక్రం పైకి లేవొచ్చు. అది చదును నేల మీద. నేల బయటివైపుకి వాలి ఉంటే ఇంకా ముందే లేస్తుంది. వేగం రెట్టింపైతే పక్కకి తోసే బలం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి మలుపు మొదలవకముందే నడక వేగానికి వచ్చెయ్. నడుముని లోపలివైపుకి జరుపు, అవసరమైతే సీటు మీద ఒక పక్క మీదే కూర్చో. సీటు కూడా వీలైనంత కిందికి దించుకో. మోకాళ్లు మరీ ముడుచుకోకుండా చూసుకుంటే చాలు.

ఇక దారి సంగతి. రెండు చక్రాల సైకిల్‌కి నేల మీద ఒకటే గీత కావాలి, నీకు మూడు కావాలి. ముందు చక్రం తప్పించుకున్న రాయి వెనక చక్రానికి దొరుకుతుంది. చిన్న గుంత అయితే అది ముందు చక్రపు జాడకి, వెనక చక్రపు జాడకి మధ్యలో పోయేలా నడుపు. అక్కడ నీకు ఒక జానెడుకి పైనే ఖాళీ ఉంటుంది. దానికి పట్టని గుంత అయితే తప్పించే ప్రయత్నం చెయ్యకు. వేగం తగ్గించి, తిన్నగా, రెండు వెనక చక్రాలూ ఒకేసారి దిగి ఒకేసారి ఎక్కేలా పో. చెట్టు వేరు, స్పీడ్ బ్రేకర్, కాలిబాట అంచు, ఏదైనా అంతే. ఏటవాలుగా ఎక్కితే ఒక చక్రం ముందు లేచి, బండి ఒరుగుతుంది.

కార్లు, ట్రాక్టర్లు తిరిగి గాళ్లు పడ్డ దారి ట్రైసైకిల్‌కి పెద్ద పరీక్ష. కారు చక్రాల జాడల మధ్య దాదాపు మీటరున్నర ఉంటుంది, నీ బండి వెడల్పు దానిలో సగమే. రెండు గాళ్లలో రెండు చక్రాలు పెట్టి పోవడం కుదరదు. ఒక చక్రం గాడిలో, ఇంకోటి మిట్ట మీద పెట్టావంటే బండి పక్కకి వంగిపోతుంది. మధ్యలో గడ్డి మొలిచిన మిట్ట ఉంటుంది చూడు, మూడు చక్రాలూ దాని మీదే పట్టేలా ఉంటే అదే నీ దారి. మిట్ట మరీ సన్నగా ఉంటే దిగి నడిపించు. దిగడం తప్పేం కాదు. నేను ఇప్పటికీ నా దారిలో రెండు చోట్ల దిగి నడిపిస్తాను. నడిపించేటప్పుడు ముందు చక్రం పక్కన నిలబడి, చెయ్యి బ్రేకు మీద ఉంచు. సీటు పక్కన నడిస్తే పెడల్ పిక్కకి, వెనక చక్రం మడమకి తగులుతాయి.

పక్కవాలు నేల దాటక తప్పనప్పుడు ఒళ్లంతా ఎత్తు వైపుకి వంచు. బండి పల్లం వైపుకి లాగుతున్నట్టు ఉంటుంది. చేతులు బిగించకుండా, హ్యాండిల్‌ని కొద్దిగా ఎత్తు వైపుకి పట్టుకుని పో. ఎక్కడమైనా దిగడమైనా ఎత్తు వైపు నుంచే.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. చాలా ట్రైసైకిళ్లకి పెడల్ బలం ఒక వెనక చక్రానికే వెళ్తుంది. రెండో చక్రం ఊరికే తిరుగుతుంది. రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటే మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోలేక ఈడ్చుకుపోతాయి కాబట్టి అలా చేస్తారు. ఈ చిక్కు చాలా పాతది. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1877లో దీని కోసమే తన సైకిల్ బండికి డిఫరెన్షియల్ గేరు పెట్టాడు, అంటే రెండు చక్రాలకీ బలం ఇస్తూనే వాటిని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేరు. ఆ తర్వాత కార్లకీ అదే పద్ధతి వచ్చింది. అయితే డిఫరెన్షియల్ ఉన్నంత మాత్రాన గుల్ల నేల మీద గండం గట్టెక్కినట్టు కాదు. పట్టు లేని చక్రం ఉత్తినే తిరిగి, పట్టు ఉన్న చక్రం కదలకుండా ఉండిపోతుంది.

నీ బండికి ఒకటే చక్రం నడిపిస్తుంటే, ఆ చక్రం ఎప్పుడూ గట్టి నేల మీద ఉండేలా చూసుకో. ఇసుకలో అది జారి తిరుగుతుంటే ఇంకా గట్టిగా తొక్కకు, లోతుకి దిగిపోతుంది. నడుముని ఆ చక్రం వైపుకి జరిపి బరువు వెయ్యి, మెల్లగా తొక్కు. చాలాసార్లు బండి బయటికి వచ్చేస్తుంది. పక్కవాలులో బరువంతా పల్లం చక్రం మీద పడుతుంది కాబట్టి, నడిపే చక్రం పల్లం వైపు ఉంటే పట్టు బాగుంటుంది. ఎత్తు వైపు ఉంటే జారుతుంది. ఒకే దారిలో పోయేటప్పుడు ఇబ్బంది లేకుండా, వచ్చేటప్పుడు మాత్రం జారడం ఇందుకే. నాకు ఇది అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఎత్తు ఎక్కేటప్పుడు నీకు రెండు చక్రాల వాళ్లకి లేని అదృష్టం ఉంది. ఎంత నెమ్మదిగా పోయినా పడిపోవు. ఎత్తు మొదలవకముందే అన్నిటికంటే తేలిక గేరులోకి మార్చుకో, మధ్యలో మారిస్తే చైను మీద భారం పడుతుంది. ఊపిరి ఆడకపోతే బ్రేకు వేసి అక్కడే కూర్చుని సేద తీరు. ఎవరి కోసమూ తొందరపడకు. వెనక బుట్టలో బరువు ఎక్కువ ఉంటే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు, అప్పుడు ఒళ్లు ముందుకి వంచు. సామాను ఎప్పుడూ బుట్ట అడుగున, మధ్యలో, వీలైనంత సీటు వైపుకి పెట్టుకో. నీళ్ల డబ్బా లాంటివి కదలకుండా కట్టెయ్. మలుపులో అది ఒక పక్కకి దొర్లితే నీ లెక్క అంతా మారిపోతుంది.

దిగుడు మాత్రం నాకు ఇప్పటికీ ఎక్కువ భయం. వేగం పెరిగాక బ్రేకు వెయ్యడం కాదు, పైనుంచే రెండు బ్రేకులూ మెల్లగా పట్టి ఉంచాలి. కంకర మీద ముందు చక్రం బిగుసుకుంటే జారిపోతుంది. ఆగాక బ్రేకు లివర్‌కి లాక్ వెయ్యకుండా దిగకు. లాక్ లేకపోతే లివర్ని లాగి ఒక వెల్క్రో పట్టీ చుట్టు, చక్రం కింద రాయి పెట్టు. ఎక్కేటప్పుడు బండి కొంచెం కదిలినా నీకు తల తిరుగుతుంది. ఆ సంగతి నాకు టెన్షన్.

దాని కోసమే ఇంకో మాట. వెనక్కి తల తిప్పి చూడాల్సిన అవసరం రాకుండా హ్యాండిల్‌కి రెండు వైపులా అద్దాలు పెట్టించుకో. తల గబుక్కున తిప్పితే నీకు ఏమవుతుందో నీకే తెలుసు. హెల్మెట్ సంగతి వేరే చెప్పను, పెట్టుకో.

గాలి గురించి. టైరు పక్కన ఎంత గాలి ఉండాలో అచ్చువేసి ఉంటుంది. గట్టి రోడ్డుకి పై అంకెకి దగ్గరగా, రాళ్లకీ ఇసుకకీ కింది అంకెకి దగ్గరగా ఉంచుకో. మెత్తగా ఉంటే టైరు నేలని పరుచుకుని పట్టుకుంటుంది, నడుముకీ సుఖం. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు బొక్కలు పడతాయి. బండి పట్టినంత వెడల్పు టైర్లు వేయించు. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉండాలి, లేకపోతే బంకమట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది.

స్పోకుల మీద ఒక కన్నెయ్యి. ఒరిగే సైకిల్ చక్రానికి పక్క నుంచి భారం పెద్దగా పడదు, ట్రైసైకిల్ చక్రానికి ప్రతి మలుపులోనూ పడుతుంది. వారానికోసారి స్పోకులన్నిటినీ వేలితో మీటి చూడు. ఒకటి మిగతావాటిలా మోగకుండా మొద్దుగా పలికితే అది వదులైంది, వెంటనే బిగించాలి. ఒకటి తెగితే పక్కవాటి మీద భారం పడి అవీ తెగుతాయి. ఇరుసు నట్లు మొదటి నెలలో రెండుసార్లు బిగించి చూడటం మంచిది.

మోటారు పెట్టించుకోమని ఎవరైనా అంటే ఇప్పుడే వద్దు. ముందు బండి నడక నీ ఒంటికి తెలియనీ. తర్వాత కావాలనిపిస్తే పెడళ్ల దగ్గర ఉండే మోటారే చూడు. ముందు చక్రంలో ఉండేదైతే, అక్కడ బరువు తక్కువ కాబట్టి, కంకర ఎత్తులో ఉత్తినే తిరుగుతుంది.

ఈ ఉత్తరం అందగానే ఒక పని చెయ్యి. పార్కింగ్ లాక్ తీసి, బండి వెనక భాగాన్ని ఎవరి చేతనైనా ఎత్తించి, పెడల్‌ని చేత్తో ముందుకి తిప్పి చూడు. తిరిగేది ఎడమ చక్రమా, కుడి చక్రమా, రెండూనా నాకు రాయి. నీ దారిలో నేల ఎక్కడెక్కడ ఎటు వాలి ఉందో కూడా కాగితం మీద గీసి పంపు. పోయేటప్పుడు ఏ వైపు నుంచి, వచ్చేటప్పుడు ఏ వైపు నుంచి తొక్కాలో గుర్తులు పెట్టి తిరిగి పంపిస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య