స్టూడియో తాళం ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: మా యూనివర్సిటీ మాస్ కమ్యూనికేషన్ కాలేజీ ఈ ఏడాది ప్రగతి అంటూ ఓ నివేదిక వేసింది. కొత్త స్టూడియో, కెమెరాలు, సెమినార్లు, అన్నీ ఫొటోలతో సహా. కానీ ఏడాది మొత్తంలో నేను కెమెరా పట్టుకున్నది రెండుసార్లే. ఇది ప్రగతేనా అండీ?
– ఓ పీజీ విద్యార్థిని

జవాబు: కొన్నారు కాబట్టి కొంత ప్రగతే, కాదనను. కాకపోతే కెమెరా కొనడం వేరు, అది మీ చేతికి రావడం వేరు. ఒకసారి పరికరాల రిజిస్టర్ తెరిచి, ఎవరు ఏ రోజు తీసుకెళ్లారో, ఎప్పుడు తిరిగిచ్చారో చూడండి. పేజీలు ఖాళీగా ఉండి, మైకు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంటే సంగతి అక్కడే తెలిసిపోతుంది. 1908లో అమెరికాలోని మిస్సోరి యూనివర్సిటీ జర్నలిజం స్కూల్ తెరిచిన మొదటి రోజే విద్యార్థుల పత్రిక బయటికొచ్చింది. అంటే పాఠమూ పనీ ఒకేరోజు మొదలయ్యాయన్నమాట. కానీ చాలా కాలేజీల్లో ల్యాబ్ జర్నల్ (సాధన కోసం విద్యార్థులే తెచ్చే పత్రిక) అంటే పరీక్షల ముందు హడావిడిగా తెచ్చే నాలుగు పేజీలే.

సెమినార్ల లెక్క పక్కన పెట్టండి (ఫొటోల్లో బొకేలే ఎక్కువ కనిపిస్తాయి!). మీరు రాసిన వార్త ఒక్కటైనా ఎర్ర సిరా దిద్దుబాట్లతో తిరిగొచ్చిందా? నేనైతే ముందు అదే చూస్తాను, ఎందుకంటే దిద్దే తీరికున్న మాస్టారు లేనిచోట స్టూడియో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

టెన్షన్ పడకండి. నలుగురు కలిసి పది నిమిషాల బులెటిన్‌కి రన్‌డౌన్ (ఏ వార్త తర్వాత ఏది, ఎంతసేపు అనే పట్టిక) రాసుకుని హెచ్‌ఓడీ గారి దగ్గరికి వెళ్లండి, ఫిర్యాదులా కాకుండా వారానికో గంట స్టూడియో ఇమ్మని అడగండి.